ముందు డబ్బు అడగకపోయినా మోసమే కావచ్చు

ఆన్‌లైన్ ఉద్యోగ మోసాల మీద వచ్చిన ఒక వ్యాసంలో 'ఉద్యోగానికి ముందే డబ్బు కట్టమంటే అది మోసం' అని రాశారు. నిజమే, కానీ ఇప్పుడు మోసగాళ్లు ముందు అడగడం లేదు, ఇస్తున్నారు! వీడియోలకు లైక్ కొట్టమనో, హోటళ్లకు రేటింగ్ ఇవ్వమనో చెప్పి మొదట్లో చిన్న మొత్తాలు నిజంగానే ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరాక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి 'ప్రీమియం టాస్క్' అంటారు, అంటే మనం ముందు డబ్బు కట్టి చేసే పని. తెర మీద బ్యాలెన్స్ పెరుగుతూ ఉంటుంది, అవి ఉత్త అంకెలే. తీసుకుందామని చూస్తే ఖాతా మైనస్‌లో పడిందంటారు, ఇంకాస్త కడితే అన్‌లాక్ అవుతుందంటారు, అదీ కట్టాక ట్యాక్స్ అంటారు. 'నాకు డబ్బులు వచ్చేశాయి' అని గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టేది కూడా చాలావరకు వాళ్ల మనుషులే.

ఇంకో రకంలో మన జేబులోంచి పైసా పోదు. మన ఖాతాలో పడిన సొమ్మును వేరేచోటికి పంపితే కమీషన్ ఇస్తామంటారు. అది ఇంకెవరినో ముంచిన సొమ్ము. కేసు వస్తే మొదట బయటపడేది ఖాతాదారు పేరే.

పేరున్న కంపెనీ నుంచి ఆఫర్ అంటూ మెయిల్ వస్తే అందులోని లింక్ నొక్కకండి. ఆ కంపెనీ సైట్ మీరే తెరిచి కెరీర్స్ పేజీలో ఆ పోస్టు ఉందేమో చూడండి. పంపినవారి మెయిల్ అడ్రసు అక్షరం అక్షరం చదవండి, ఒక్క అక్షరం మార్చి పెట్టడం వాళ్లకు అలవాటే. చాటింగ్‌లోనే ఇంటర్వ్యూ ముగించి, పది నిమిషాల్లో ఆఫర్ లెటర్ చేతిలో పెడితే మాత్రం నేనైతే అక్కడే బ్లాక్ చేస్తాను.

అన్నట్టు, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామని ఫీజు అడిగే 'రికవరీ ఏజెంట్లు' ఉంటారు. వాళ్లూ ఆ బాపతే.