కూర్చోబెట్టేదీ వాళ్లే, పరుగెత్తమనేదీ వాళ్లే

రాత్రి తొమ్మిదిన్నరకు మా అమ్మాయి ఫోను మోగింది. "నేస్తమా! ఈ రోజు నువ్వు సరిగా కదలనే లేదు. లే, పరుగెత్తు!" పక్కన కండలు తిరిగిన చేయి బొమ్మ. పంపింది వాళ్ల స్కూలే. పిల్ల ముందున్నది అదే స్కూలు ఇచ్చిన లెక్కల హోంవర్కు, ఇంకా సగం కూడా కాలేదు. ఈ చీకట్లో ఎక్కడికి పరుగెత్తమంటారు మహానుభావులారా?

పిల్లల ఆరోగ్యం కోసం కొత్త కార్యక్రమమట. రోజూ సందేశాలు, పైగా అడుగుల లెక్క. మా పిల్ల ఏం చేసిందో తెలుసా? ఎడమచేత్తో ఫోను ఊపుతూ కుడిచేత్తో లెక్కలు చేసుకుంది. కుర్చీలోంచి లేవకుండానే అడుగులు పెరిగాయి. "శభాష్!" అని ఇంకో సందేశం వచ్చింది. అన్నట్టు, అందరూ జపించే ఆ పదివేల అడుగులున్నాయే, అది 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టిన అంకె! వేదవాక్కయి కూర్చుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వయసు వాళ్లకు చెప్పేది రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడమని. 11-17 ఏళ్ల పిల్లల్లో అయిదుగురికి నలుగురు ఆ మాత్రం కదలడం లేదని 2019లో ఆ సంస్థ పరిశోధకులే తేల్చారు. ఎలా కదులుతారు? టైంటేబుల్లో 'ఆటలు' అని ఉన్న గంటను పరీక్షల పేరుతో లెక్కల మాస్టారు పట్టుకెళ్లారు. పరీక్షలయ్యాయి, గంట మాత్రం తిరిగి రాలేదు. అడిగితే, "సందేశాలు పంపుతున్నాం కదండీ" అట!

మా పిల్లను కదిలించే సందేశం ఒక్కటే. స్నేహితురాలు "వస్తున్నావా?" అని పెడితే చాలు, బూట్ల తాళ్లు కూడా కట్టుకోకుండా పరుగెడుతుంది. ఆ స్నేహితురాలిని కూడా ఇప్పుడు సాయంత్రం స్పెషల్ క్లాసులో కూర్చోబెట్టారు.

ఆ 2019 అధ్యయనంలోనే ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం, 85 శాతం మంది ఆ మాత్రం కదలడం లేదట. నాకేమీ ఆశ్చర్యం లేదు. మా రోజుల్లో మైదానం అబ్బాయిలది, మాకు చెట్టు నీడ. పరుగు పందానికి పేరిస్తానంటే మా డ్రిల్లు మాస్టారు, "నీకెందుకమ్మా ఎండలో! చేతిరాత బాగుంటుంది, సర్టిఫికెట్లు రాసిపెట్టు" అన్నారు. గెలిచిన అబ్బాయిల పేర్లన్నీ గుండ్రంగా రాసింది నేనే. ఒకడి పేరులో దీర్ఘం తప్పిందని అందరి ముందూ చీవాట్లు కూడా పెట్టారు.