స్లాబ్ పోయకముందే చూసే కొలువు

అమరావతి పనులను 2025 మే 2న ప్రధాని పునఃప్రారంభించారు. విజయవాడ, గుంటూరు పాలిటెక్నిక్‌లలో సివిల్ డిప్లొమా చేస్తున్న పిల్లల ఇళ్లలో అప్పటినుంచీ ఒకటే ప్రశ్న: ఇన్ని కట్టడాల్లో మావాడికి, మా అమ్మాయికి ఉద్యోగం దొరుకుతుందా? కట్టేచోట దొరుకుతుంది. కట్టింది సరిగా ఉందో లేదో చూసేచోట కూడా దొరకాలి. కానీ ఆ రెండో కొలువు ప్రభుత్వం తలుచుకుంటేనే నిలబడుతుంది.

స్లాబ్ పోసే రోజు సైట్‌కు వెళ్లినవారికి ఆ పని విలువ తెలుస్తుంది. ఇనుప ఊచలు కాంక్రీటు లోపలే ఉండేలా వాటి కింద పెట్టే కవరింగ్ దిమ్మలు పెట్టారా, దూలాల రింగులు డ్రాయింగ్‌లో ఉన్నంత దగ్గరగా కట్టారా, పోత సులువవుతుందని కాంక్రీటులో నీళ్లు ఎక్కువ కలిపారా అన్నది చూసుకోవడానికి ఉండేవి కొద్ది గంటలే. కాంక్రీటు పడ్డాక ఊచ కనబడదు. అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల క్యూబులు (ఘనాకారపు దిమ్మలు) పోసి, 28 రోజులయ్యాక ల్యాబ్‌లో నలగ్గొడితే బలమెంతో అంకె వస్తుంది, నిజమే. ఆ క్యూబులో నింపింది ఆ స్లాబ్‌కు వెళ్లిన కాంక్రీటేనని చెప్పాల్సింది మాత్రం అక్కడ నిలబడి చూసిన మనిషి.

ఆ మనిషికి జీతం ఎవరిస్తున్నారు? ప్రైవేటు సైట్లలో చాలాచోట్ల కాంట్రాక్టరో, బిల్డరో. పోత ఆపమన్న కుర్రాడిని రేపటి నుంచి రావద్దంటే అడిగే దిక్కులేదు. ఇక ప్రభుత్వం వైపు చూస్తే, 2019లో వార్డు సచివాలయాలు పెట్టి, భవన నిర్మాణాలను చూసే ప్లానింగ్ కార్యదర్శులను తీసుకోవడం మంచి పనే. అయితే సచివాలయ సిబ్బందికి సర్వేలు, పింఛన్ల పంపిణీ వంటివీ అప్పగించారు. స్లాబ్‌ను మోసే సెంట్రింగ్ కింద నిలబడి చూసే తీరిక వారికెక్కడిది?

2016 మేలో గుంటూరు లక్ష్మీపురంలో సెల్లార్ గోతిలో మట్టి విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. గోతి అంచున మట్టి ఎలా ఉందో, దన్ను పెట్టారో లేదో చూసి పని ఆపించే అధికారమున్న ఒక్కరు అలాంటిచోట ఉండాలి. ఇప్పుడు 18 మీటర్ల లోపు ఎత్తున్న భవనాలకు, నిబంధనల ప్రకారమే కడతామని కట్టేవారే రాసిచ్చే స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. సామాన్యుడికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, దాన్ని మేం స్వాగతిస్తున్నాం. కాగితం దగ్గర తనిఖీ తగ్గినప్పుడు సైట్‌లో తనిఖీ పెరగాలి.

అందుకు మార్గముంది. ప్లాన్ ఫీజుతోపాటే తనిఖీ రుసుము కట్టించుకుని ప్రత్యేక ఖాతాలో వేయాలి. ఇన్‌స్పెక్టర్ల జీతం అందులోంచే ఇవ్వాలి. పునాది, ప్లింత్ (ఇంటి పీఠం), ప్రతి స్లాబ్ దగ్గరా వారి సంతకం పడ్డాకే తర్వాతి పని సాగాలి. డిప్లొమా పిల్లలకు చివరి ఏడాదిలో క్యూబు పరీక్ష, రీబౌండ్ హ్యామర్ (గట్టిపడ్డ కాంక్రీటు బలాన్ని అంచనా వేసే పరికరం) వాడకం సైట్‌లోనే నేర్పించాలి. బిల్డింగ్ ఓవర్సీర్ ఖాళీలకు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లు ఏటా రావాలి. విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలు సెల్లార్ తవ్వే సైట్లతో దీన్ని ఈ ఏడాదే మొదలుపెట్టాలని కోరుతున్నాం.