భారత్ ఏక్ ఖోజ్ పాట గుట్ట మీద పుట్టలేదు

నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' పుస్తకం మీద భారత్ ఏక్ ఖోజ్ టీవీ సీరియల్ తీసిన శ్యామ్ బెనగల్ పోయిన 2024 డిసెంబరు నుంచి మా పదో తరగతి వాట్సాప్ గ్రూపుల ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. రెండుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్న. మూడోసారి, "దీంట్ల సగం తప్పురా" అని ఒక్క ముక్క రాస్తే, పంపినోడు "నీకు నల్లగొండోడినన్న గర్వం లేదారా?" అన్నడు. నాలుగోసారి వచ్చింది కాబట్టి ఈ రాత.

మెసేజ్ సారం ఇది: "భారత్ ఏక్ ఖోజ్ సీరియల్ మొదట్లో వచ్చే సంగీతం ఎవరూ కట్టింది కాదు. వేల ఏళ్ల నాటి వేదస్వరాన్ని ఉన్నది ఉన్నట్టు రికార్డు చేశారు. పాడింది మన యాదగిరిగుట్ట పండితులు. నెహ్రూ పుస్తకం ఈ శ్లోకంతోనే మొదలవుతుంది. సృష్టికర్తను కీర్తించే ఈ ప్రార్థనను యునెస్కో ప్రపంచ ఉత్తమ టీవీ సంగీతంగా ప్రకటించింది. గర్వించండి, పదిమందికి పంపండి."

"ఎవరూ కట్టింది కాదు" అనే మాట దగ్గరే నాకు ఎక్కువ మండింది.

కట్టినాయన ఉన్నాడు. పేరు వనరాజ్ భాటియా. 1927లో పుట్టి, 2021 మేలో ముంబైలో కన్నుమూసిన మనిషి. లండన్‌ల రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివి, తర్వాత పారిస్‌లో నాదియా బూలాంజే అనే సంగీత గురువు దగ్గర నేర్చుకున్నాడు. తిరిగొచ్చి ఢిల్లీ యూనివర్సిటీలో పాశ్చాత్య సంగీతశాస్త్రం చెప్పాడు. పొట్టకూటికి ప్రకటనల పాటలు కట్టాడు, ఒకటీ రెండూ కాదు, వేలు. జలపాతం కింద అమ్మాయి తానం చేసే లిరిల్ సబ్బు పాట మా వయసోళ్లకు యాదికుంటది కదా, అది కూడా ఆయనదే. అంటే ఒకే చెయ్యి సబ్బుకూ, రుగ్వేదానికీ వరస కట్టింది. ఇందులో నాకైతే తక్కువతనం కనపడదు. పేరు తీసేసి "ఎవరూ కట్టలేదు" అనడమే తక్కువతనం.

ఇక "వేదస్వరం ఉన్నది ఉన్నట్టు" అన్నది. నేను ఇరవై ఏళ్లుగా మా వాడకట్టు భజనలో హార్మోనియం పట్టుకుంటున్న. పెద్ద విద్వాంసుణ్ని కాను గానీ చెవులైతే పనిచేస్తున్నయి. వేదం చదివేటప్పుడు ఉండేవి ముఖ్యంగా మూడు స్థాయిలు: ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం. ఒకటి మధ్యల నిలబడుతది, ఒకటి కిందికి దిగుతది, ఒకటి పైకి లేస్తది. అక్షరానికి ఏది పడాల్నో ముందే ఖాయమై ఉంటది. దాన్ని చెడనీయకుండా ఉంచడానికే పదం, క్రమం, జట, ఘనం అని మాటలను విడదీసి, జతచేసి, ముందుకూ వెనక్కీ తిప్పి చదివే పద్ధతులు పెట్టుకున్నారు. అక్కడ సొంత కల్పనకు చోటు లేదు.

ఆ టైటిల్ పాట మళ్లీ ఒకసారి, కండ్లు మూసుకొని వినండి. మొదట్ల రుగ్వేదంలోని నాసదీయ సూక్తం సంస్కృతంలనే వస్తది, అవును. పఠనం ఛాయ కూడా ఉంది. కొంచెం సేపటికే హిందీ అందుకుంటది. సూక్తాన్ని హిందీ కవిత చేసి, దానికి వరస కట్టి, కోరస్‌తో పాడించారు. హిందీలోకి మారిన తర్వాత అది వేదపఠనం ఎట్లా అయితది? ఏ పండితుడూ హిందీల వేదం చదవడు.

ఇంకో గుర్తు కూడా ఉంది. మా భజనల ఒకరు అందుకుంటే మిగతావాళ్లమంతా అదే వరస, అదే స్వరం తిరిగి అంటం. పదిమంది పాడినా దారి ఒక్కటే. ఈ కోరస్ అట్లా నడవదు. ఒక గొంతు ఒక స్వరం మీద ఉంటే దాని కింద ఇంకో గొంతు ఇంకో స్వరం పట్టుకుంటది, రెండూ కలిసి మూడో రుచి వస్తది. హార్మొనీ అంటారు దాన్ని. చర్చి కోరస్‌లలో వినేది అదే. పారిస్‌ల నేర్చుకున్న చదువు అక్కడ పనిచేసింది. మెసేజ్ రాసినాయనకు గర్వపడటానికి ఇంత మంచి సంగతి చేతిలో ఉంటే, దాన్ని పారేసి లేనిదాన్ని ఎత్తుకున్నాడు.

యాదగిరిగుట్ట మాటకొస్తే, ఆ పండితుల పేరు ఒక్కటైనా మెసేజ్‌లో లేదు. ఎక్కడ రికార్డు చేశారో లేదు, ఏ ఏడో లేదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకుంట. ఆ సూక్తం మన పండితులకు కొత్తది కాదు. మన దిక్కు వేదం చదివినవాళ్లలో ఎక్కువమందిది కృష్ణ యజుర్వేదం, తైత్తిరీయ శాఖ. రుగ్వేదం పదో మండలంలో 129వదిగా ఉన్న ఈ నాసదీయ సూక్తం ఆ శాఖవాళ్ల గ్రంథమైన తైత్తిరీయ బ్రాహ్మణంలో కూడా ఉంది. కాబట్టి గుట్ట మీద ఎవరైనా దాన్ని స్వరంతో చదివితే వినడానికి నేనూ వస్త. అది టీవీల వచ్చిన పాట మాత్రం కాదు.

నెహ్రూ పుస్తకం సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతది: మొదటి పేజీలో ఉన్నది అహ్మద్‌నగర్ కోట, 1944 ఏప్రిల్ 13 అన్న తేదీ, జైలు గోడల నడుమ ఆయన మనసు. సూక్తం ఆ తర్వాత ఎప్పుడో, వేదాల గురించి మాట్లాడే చోట వస్తది. దాన్ని తెచ్చి గడప మీద పెట్టింది సీరియల్ తీసినవాళ్లు. పుస్తకం అచ్చయిన నలభై ఏండ్లు దాటినంక, 1988లో, 53 భాగాలకూ అదే గడప.

"సృష్టికర్తను కీర్తించే ప్రార్థన" అన్నదానికి జవాబు ఆ సూక్తమే చెప్తది. మొదట్ల సత్తు (ఉన్నది) లేదు, అసత్తు (లేనిది) లేదు, చావు లేదు, చావులేనితనమూ లేదు అంటది. దేవతలు కూడా సృష్టి జరిగినంకనే వచ్చారు, మరి ఇది ఎక్కడి నుంచి పుట్టిందో ఎవరికి తెలుసు అని అడుగుతది. చివరి పాదం "సో అంగ వేద యది వా న వేద". పైన ఆకాశంలో ఉండి దీన్నంతా చూసే ఆయనకు తెలుసేమో, ఆయనకు కూడా తెలియదేమో! ఏడు రుక్కులు, అంటే ఏడు మంత్రాలు, నడిచి ఆగేది ఈ "ఏమో" దగ్గర. ప్రార్థన గట్లుండదు. మా బాపు పొద్దున పూజలో దేవుణ్ని బియ్యం ధర నుంచి కొడుకు నౌకరీ దాకా అడిగేవాడు గానీ, "నీకు తెలుసా, తెల్వదా?" అని మాత్రం ఎన్నడూ అడగలేదు.

భాగం అయిపోయినప్పుడు పేర్లు పడే చోట వినిపించేది కూడా అదే మండలంలోని 121వ సూక్తం, హిరణ్యగర్భుడిది. దాంట్ల పది రుక్కులుంటే, మొదటి తొమ్మిదింటి చివరా "కస్మై దేవాయ హవిషా విధేమ" అని వస్తది: ఏ దేవుడికి హవిస్సు (హోమంలో ఇచ్చేది) ఇద్దాం? తర్వాతి పండితులు ఆ "క" అంటే ప్రజాపతి పేరే అని సర్దుకున్నారు గానీ, వినే చెవికి అది ప్రశ్నే. ప్రశ్నతో తలుపు తీసి ప్రశ్నతో మూసేవాళ్లు. 'ఖోజ్' అంటేనే వెతుకులాట కదా. ఆ పేరుకు ఇంతకంటే అతికే సంగీతం ఇంకోటి నాకు తోచదు.

యునెస్కో. ఈ పేరు లేకుండా మెసేజ్‌లు నడవవేమో. ఉత్తమ టీవీ సంగీతం అని బిరుదులివ్వడం యునెస్కో పని కాదు. 2003లో వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి మౌఖిక వారసత్వపు గొప్ప సంపదల్లో ఒకటిగా అది ప్రకటించింది. ఆ గౌరవం మౌఖికంగా వేదాన్ని కాపాడుకొస్తున్న మనుషులది. అంతకు పదిహేనేండ్ల ముందు వచ్చిన సీరియల్‌కు అది అంటదు. భాటియాకు నిజంగా వచ్చినవి వేరే ఉన్నాయి: 'తమస్' అనే టీవీ చిత్రం సంగీతానికి జాతీయ అవార్డు, 2012లో పద్మశ్రీ.

ఇక మా దోస్తు అడిగిన గర్వం. నల్లగొండోడికి బెనగల్‌తో చుట్టరికం కావాలంటే గుట్ట ఎక్కాల్సిన పని లేదు, పోచంపల్లి పోతే చాలు. హైదరాబాద్ తిరుమలగిరిలో 1934లో పుట్టి పెరిగిన ఆయన, 1987లో 'సుస్మన్' తీసింది పోచంపల్లి నేతగాళ్ల మీద. అప్పటికి అది మన జిల్లానే. అందులో మగ్గం ముందు కూర్చున్న నటుడు ఓం పురి మరుసటేడు భారత్ ఏక్ ఖోజ్‌లో మళ్లీ కనపడ్డాడు. అంతకు ముందే 'అంకుర్', 'నిశాంత్' రెండూ తెలంగాణ దొరల ఊర్ల కథలు. ఆ రెంటికీ సంగీతం ఎవరిదంటే, మెసేజ్‌లో పేరు లేని ఆ వనరాజ్ భాటియాదే. ఈ సీరియల్‌కు పదేండ్లకు పైగా ముందే మన ఊర్ల కథలకు సంగీతం కట్టిన మనిషిని చెరిపేసి మన గర్వం అంటే ఎట్లా?

ఇదంతా గ్రూపుల పెడదామని ఫోన్ తీసే సరికి హన్మకొండ నుంచి మా మేనబావ అదే మెసేజ్ పంపి ఉన్నాడు. కామా కూడా మారలేదు. యాదగిరిగుట్ట ఉన్న చోట మాత్రం భద్రకాళి గుడి ఉంది.