సవరణ: 20 శాతం రూల్ ఫిగర్ వాళ్ళకి కూడా

నా మొన్నటి పోస్టు చదివి, 2005 సీజన్‌కి ఐఎఫ్‌బీబీ (బాడీబిల్డింగ్ పోటీల అంతర్జాతీయ సంస్థ) ఇచ్చిన "కండ 20 శాతం తగ్గించాలి" అనే ఆదేశం ఆడవాళ్ళ బాడీబిల్డింగ్‌కే అని చాలామంది అనుకున్నారు, కాదండీ, ఫిగర్, ఫిట్‌నెస్ (బాడీబిల్డింగ్ అంత కండ అడగని ఆడవాళ్ళ పోటీ విభాగాలు) వాళ్ళకి కూడా అదే చెప్పారు. అదీ అవసరమైన వాళ్ళే తగ్గించాలి అన్నారు, మరి ఎవరికి అవసరమో ఎవరు తేలుస్తారు, 20 శాతం అంటే బరువులోనా కొలతలోనా, స్టేజీ మీద టేపు పెట్టి కొలవరు కదా, జడ్జి కంటికి ఎలా అనిపిస్తే అదే లెక్క! కండలు ఎక్కువున్నవాళ్ళనే గెలిపించమని నేను అనట్లేదు, ఏం చూస్తారో ముందే స్పష్టంగా చెప్పి దానికే మార్కులు వేయమంటున్నా, ఏళ్ళ తరబడి కష్టపడి వస్తారు వాళ్ళు. ఇంకోటి, ఆడవాళ్ళ బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ అయిన మిస్ ఒలింపియా శాశ్వతంగా పోలేదు, 2014 తర్వాత ఆగి 2020లో మళ్ళీ మొదలైంది.