మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం

శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు మా సెక్షన్‌లో ఎనిమిది మందిమీ ఓ పావుగంట కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. మొన్నామధ్య మా సర్‌కి ఓ ఆలోచన తట్టింది. "ఎప్పుడూ పని గొడవేనా? ఈ వారం ఎవరెవరు ఏం సంగీతం వింటున్నారో, ఎందుకు వింటున్నారో వరసగా చెప్పండి" అన్నారు.

"ఏం" అన్నంతవరకూ చిక్కు లేదు. "ఎందుకు" అనేసరికి అది వైవా పరీక్ష అయిపోయింది.

ఈ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు. చుట్టాలొస్తున్నారంటే సోఫా మీదున్న బట్టల కుప్పని మంచం కిందకి తోసేసినట్టు, పొద్దున బాత్రూమ్‌లో పాడుకున్న పాటని లోపలికి తోసేసి, ముందు గదిలో పెట్టదగ్గ పాటొకటి బయటికి తీస్తారు. మా సీనియర్ గారు రోజూ పడుకునే ముందు నలభై నిమిషాల తోడి రాగాలాపన వింటున్నానన్నారు. మీటింగ్ మొదలైన నాలుగో నిమిషానికే కునుకు తీసే మనిషి! కొత్తగా చేరిన కుర్రాడు ఎక్కడో ఐస్‌లాండ్ బ్యాండు పేరు చెప్పి, "అందులో ఖాళీ నచ్చింది" అన్నాడు. అకౌంట్స్ మేడమ్ గజల్స్ అన్నారు. ఎందుకని అడిగితే కళ్ళు మూసుకున్నారు. అదే జవాబని అందరం ఒప్పేసుకున్నాం.

నా వంతు వచ్చింది. గత 19 రోజులుగా నేను వింటున్నది ఒక్కటే. మా ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్ వాళ్ళు హోల్డ్‌లో పెట్టినప్పుడు వచ్చే సంగీతం.

తోడి పక్కన దాన్నెలా కూర్చోబెట్టను? "పియానో అండి. పేరు గుర్తు రావట్లేదు" అన్నాను.

"ఎందుకు వింటున్నారు?"

"అందులో ఒక నిరీక్షణ ఉంటుంది సర్. ఎప్పటికీ పూర్తి కాదు. మధ్యమధ్యలో ఒక స్త్రీ గొంతు వచ్చి, ఓదార్చి, వెళ్ళిపోతుంది."

ఒక్క ముక్క అబద్ధం లేదు, చూసుకోండి. అయినా గదంతా నిశ్శబ్దమైపోయింది. ఐస్‌లాండ్ కుర్రాడు "మినిమలిజం" అన్నాడు భక్తిగా. "వచ్చే శుక్రవారం పట్టుకురండి, అందరం విందాం" అన్నారు సర్.

అసలు సంగతేంటంటే, మా ఇంట్లో నెట్ రోజూ సాయంత్రం ఏడింటికి పోయి తొమ్మిదింటికి వస్తోంది. ఫోన్ చేస్తే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. చేశామంటే మళ్ళీ చేయమంటారు. ఆ తర్వాత "లైన్‌లో ఉండండి మేడమ్" అని సంగీతం. మొదటి రోజు చిరాకేసింది. మూడో రోజుకి అలవాటైంది. ఐదో రోజు వంటింట్లో నాకు తెలియకుండానే కూనిరాగం తీస్తుంటే, మా ఆయన "ఏంటే అది, బాగుందే" అన్నారు.

వారం తిరిగేసరికి ఆయన నన్ను మించిపోయారు. ఇరవై సెకన్లు పల్లవి తీసి, సరిగ్గా సమయానికి "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనేసి, తాళం తప్పకుండా మళ్ళీ పల్లవి ఎత్తుకుంటారు. ఆయన లెక్కలో ఆ వాక్యం కూడా సాహిత్యంలో భాగమే. గ్యాస్ కట్టేశారా అని నేనడిగితే, "దయచేసి లైన్‌లో ఉండండి" అని పేపర్ తిప్పుతారు.

పదేపదే ఎదురైతే చాలు, దేనిమీదైనా ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలు చేసి చూపించాడట. జనానికి అర్థంలేని మాటలూ, తెలియని లిపిలో అక్షరాలూ చూపిస్తూ పోతే, ఎక్కువసార్లు చూసినవే వాళ్ళకి బాగా నచ్చాయట. ఇది చదివి వినిపిస్తే మా ఆయన కాసేపు ఆలోచించి, "మన కాపురం సంగతి కూడా అదేనన్నమాట" అన్నారు.

సరే, శుక్రవారం లోపల ఆ పాట పట్టుకోవాలి. పేరు తెలిస్తే అసలు రికార్డు, ఆవిడ గొంతు లేకుండా, శుభ్రంగా దొరుకుతుంది కదా అని వెతకడం మొదలుపెట్టాను. పాట దొరకలేదుగానీ దాని వంశ చరిత్ర దొరికింది.

హోల్డ్ సంగీతం పుట్టిందే ఒక లోపం వల్ల. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు. ఫోన్ తీగ ఒకటి ఊడి బిల్డింగ్ ఉక్కు దూలానికి తగలడంతో, పక్కనున్న రేడియో స్టేషన్ ప్రసారం ఫోన్‌లోకి దూరింది. లైన్‌లో ఎదురుచూస్తున్న వాళ్ళకి పాటలు వినపడసాగాయి. ఇంకొకరైతే కంప్లైంట్ ఇచ్చేవారు. ఈయన 1962లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1966లో వచ్చింది. లైన్ పాడైతే సంగీతం పుట్టింది అక్కడ. లైన్ బాగయ్యేదాకా సంగీతం వినడం నా వంతు.

ఆ పాట ఎప్పుడూ బకెట్‌లో తలపెట్టి వాయించినట్టే ఎందుకుంటుందో కూడా తెలిసింది. మామూలు ఫోన్ లైన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే, అంటే సెకనుకి అన్నిసార్లు కంపించే ధ్వనుల్నే, మోస్తుంది. మాటకి అది చాలు. కానీ పియానోలో నట్టనడుమ ఉండే సి స్వరమే సుమారు 262 హెర్ట్జ్. అంటే దాని మూల స్వరం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, దానికి ఎడమవైపున్న మెట్లన్నిటి గతీ అంతే. పైగా సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిస్తే, ఫోన్‌లో 8,000 సార్లే. నేను ఇన్నాళ్ళుగా మనసు పారేసుకున్నది సగం పియానో మీదన్నమాట.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఇంకొకటి. 1989లో టిమ్ కార్ల్‌టన్ అనే పదహారేళ్ళ కుర్రాడు స్నేహితుడు డారిక్ డీల్‌తో కలిసి సరదాగా ఓ ట్యూన్ రికార్డు చేసుకున్నాడు. ఆ స్నేహితుడు పెద్దయ్యాక సిస్కో కంపెనీలో చేరి, ఆ ట్యూన్‌ని వాళ్ళ ఫోన్లలో హోల్డ్ సంగీతంగా పెట్టించాడు. కోట్ల మంది విన్నారు, కావాలని మాత్రం కాదు. నాది ఆ ట్యూన్ కాదు, పోల్చి చూశాను. కొంచెం అసూయ కూడా పడ్డాను.

బుధవారం రాత్రి ఆఖరి ప్రయత్నం. పాటల్ని గుర్తుపట్టే యాప్ మా ఆయన ఫోన్‌లో తెరిచాం. నా ఫోన్ స్పీకర్‌లో పెట్టి, రెండింటినీ పెళ్ళిచూపుల్లోలా ఎదురెదురుగా కూర్చోబెట్టాం. ఇరవై ఐదు నిమిషాలు పడుతుందని కుర్చీలు కూడా దగ్గరికి లాక్కున్నాం.

రెండో రింగుకే ఎత్తేశాడు.

"నమస్కారం మేడమ్, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"అప్పుడే ఎత్తేశారేంటండీ!"

"సారీ మేడమ్" అన్నాడు అలవాటుకొద్దీ.

"కాస్త నన్ను హోల్డ్‌లో పెట్టండి బాబూ."

"ముందు మీ సమస్య చెప్పండి మేడమ్."

"సమస్యేం లేదు. హోల్డే కావాలి."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. పాపం, ఆ కుర్రాడి స్క్రీన్ మీద దీనికి ఏ గడీ ఉండి ఉండదు. "మా మేనేజర్‌తో మాట్లాడతారా మేడమ్?" అన్నాడు చివరికి.

"ఆయనైతే హోల్డ్‌లో పెడతారా?"

"లేదు మేడమ్, వెంటనే మాట్లాడతారు."

"అయితే వద్దు. పోనీ, ఆ వచ్చే పాట పేరేంటో చెప్పగలరా?"

"హోల్డ్‌లో పెడితే మా వైపు ఏమీ వినపడదు మేడమ్. అక్కడ పాట వస్తుందా?"

ఆ మాటకి నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఇన్నాళ్ళూ అది నా ఒక్కదానికోసమే జరిగిన కచేరీ. నేను కరిగిపోవడం చూసి, ఏదో పెద్ద కష్టమే అనుకున్నాడేమో, "మీ పాత కంప్లైంట్లు చూస్తాను మేడమ్, లైన్‌లో ఉండండి" అన్నాడు. పాట మొదలైంది! మా ఆయన యాప్ నొక్కారు. అది గుండ్రంగా తిరిగి తిరిగి, ఏమీ దొరకలేదంది. రెండోసారి నొక్కేసరికి ఆవిడ వచ్చి మా కాల్ ఎంతో ముఖ్యమంది. మూడోసారి యాప్‌ని వదిలేసి ఉత్త రికార్డింగ్ పెట్టాం. యాభై సెకన్లయ్యాక కుర్రాడు తిరిగొచ్చాడు.

"మీ లైన్‌లోనే లోపం ఉంది మేడమ్. సరిచేయించాను. ఇకమీదట మీకు ఎలాంటి ఇబ్బందీ ఉండదు."

మర్నాడు ఏడయింది. నెట్ పోలేదు. ఏడున్నరకీ పోలేదు. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. "పోనీ మనమే వైరు పీకేద్దామా?" అన్నారు నెమ్మదిగా.

శుక్రవారం వచ్చేసింది. ఆఫీసులో దీపాలు కూడా తగ్గించారు. సీనియర్ గారు కళ్ళు మూసుకుని తాళానికి చెయ్యి సిద్ధం చేసుకున్నారు. ఇక దాచి లాభం లేదని రికార్డింగ్ నొక్కాను. పల్లవి వచ్చింది, బకెట్‌లోంచి. దాని వెనకే మా ఆయన కూనిరాగం. ఆపైన ఆవిడ. ఆవిడ మీద నా గొంతు: "అబ్బ, ఈవిడొకర్తె!"

ఎవరూ నవ్వలేదు. నాకు చెమటలు పట్టాయి. అకౌంట్స్ మేడమ్ మాత్రం కళ్ళు తెరిచి, "ఇది మా బ్యాంకు వాళ్ళది కదూ?" అన్నారు.

"కాదండీ, మా ఇన్సూరెన్స్ వాళ్ళది" అన్నాడు ఐస్‌లాండ్ కుర్రాడు. సర్ అప్పటికే కాలితో దరువేస్తున్నారు. తోడి రాగం సీనియర్ గారైతే, సరిగ్గా రావలసిన చోట "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని శ్రుతిలో అందుకున్నారు. మా ఆయన కంటే బాగా పాడారు, ఒప్పుకోవాలి.

"అదిసరే, ఆ పైకి వెళ్ళే సంగతి తర్వాత ఏమొస్తుంది?" అన్నారు సర్.

ఎవరికీ తెలియదు. ఎనిమిది మందిలో ఒక్కరం కూడా అంతవరకూ వినలేదు. తెలుసుకునే దారి ఒక్కటే కనబడింది. నా ఫోన్ బల్ల మధ్యలో పెట్టి, స్పీకర్ నొక్కి, నంబర్ కలిపాం. ఈసారి హోల్డ్‌లోనే పడింది. పల్లవి అయింది. ఆవిడ వచ్చి వెళ్ళింది. మళ్ళీ పల్లవి. మెల్లగా పైకి వెళ్ళడం మొదలైంది. ఎనిమిది తలలూ ఫోన్ మీదకి వంగాయి. ఇంకొక్క మెట్టు, అంతే.

"నమస్కారం మేడమ్, మీకు ఏ విధంగా..."

"ష్!" అన్నాం ఎనిమిది మందిమీ.