సవరణ: యురేనియంను బ్యాక్టీరియా నిర్మూలించదు

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గురించి ఇటీవల రాసిన పోస్టులో, జియోబాక్టర్ బ్యాక్టీరియా భూగర్భజలంలోని యురేనియంను తినేసి నిర్మూలిస్తుందని పేర్కొన్నాను, అది తప్పు.

డీజిల్ వంటి కర్బన పదార్థాలను సూక్ష్మజీవులు విడగొట్టగలవు గాని, మూలకమైన యురేనియంను ఏ జీవీ విడగొట్టలేదు. 1991 నుంచి వెలువడిన పరిశోధన పత్రాలు, అమెరికాలోని కొలరాడో రాష్ట్రం రైఫిల్ వద్ద జరిగిన క్షేత్ర ప్రయోగాలు చెబుతున్న దాని ప్రకారం, ఆక్సిజన్ లేని చోట ఎసిటేట్ వంటి ఆహారం అందినప్పుడు ఈ బ్యాక్టీరియా దాని నుంచి తీసిన ఎలక్ట్రాన్లను యురేనియంకు చేరవేస్తుంది. అప్పుడు నీటిలో తేలికగా కరిగే +6 స్థితిలోని (ఆరు ఎలక్ట్రాన్లు కోల్పోయిన) యురేనియం, రెండు ఎలక్ట్రాన్లు తిరిగి పొంది, దాదాపు కరగని +4 స్థితికి మారి మట్టిలో నిలిచిపోతుంది. నీటిలో దాని మోతాదు తగ్గుతుంది, రేడియోధార్మికత మాత్రం ఎక్కడికీ పోదు. పైగా ఆక్సిజన్ గాని నైట్రేటు గాని చేరితే అది తిరిగి కరగవచ్చు.

తుమ్మలపల్లె ఖనిజం కార్బొనేటు (సున్నపురాయి తరహా) శిలల్లో ఉంది. కాల్షియం, కార్బొనేట్లతో కలిసి సంక్లిష్ట సమ్మేళనంగా మారిన యురేనియంపై ఈ చర్య మరింత మందగిస్తుంది కనుక, రైఫిల్ ఫలితాలను ఇక్కడికి యథాతథంగా అన్వయించరాదు. బోరులో ఈ బ్యాక్టీరియాను వేస్తే చాలునా అని అడిగినవారికి నా జవాబు: చాలదు, వేయవద్దు.