మహారాజశ్రీ స్టీలు కుర్చీ గారి సముఖమునకు

సూర్యారావుపేటలోని ఒకానొక ఆస్పత్రిలో, బరువు తగ్గించే ఆపరేషన్ల విభాగం ముందు, వెయిటింగ్ హాలులో వేంచేసి ఉన్న మూడు సీట్ల స్టీలు కుర్చీ గారికి అనేక నమస్కారాలు.

తమరు క్షేమమేనా అని అడగనవసరం లేదు. నిన్న మధ్యాహ్నమంతా తమ ఒడిలోనే ఉన్నాను. డాక్టరు గారు థియేటర్‌లో ఉన్నారన్నారు, తరువాత రౌండ్లలో ఉన్నారన్నారు, ఆ తరువాత ఎక్కడున్నారో చెప్పడమే మానేశారు. అది మామూలే. బయట బెజవాడ ఉడికిపోతోంది, లోపల ఏసీ ఉంది, ఫిర్యాదు లేదు.

తమరు నన్ను పోల్చుకుని ఉండరు. ఆపరేషన్‌కు ముందు నేను తమ ఎదుట గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. మొదటిసారి వచ్చినప్పుడు తెలియక కూర్చున్నాను. కూర్చోవడమంటే, తమ రెండు చేతుల మధ్య నన్ను నేను కుక్కుకున్నాను. పేరు పిలిచాక నేను లేస్తే తమరూ నాతోపాటు లేచారు. చివరి సీటులోని పెద్దాయన టీ ఆయన పంచె మీదే ఒలికింది. ఎవరూ నవ్వలేదు; నవ్వకుండా ఉండటానికి వాళ్లు పడిన అవస్థ మాత్రం నాకు కనిపించింది.

అప్పటినుంచి నాది నిలబడి చదివే చదువు. ఎదుటి గోడ మీది పోస్టరు కంఠతా వచ్చేసింది. స్లీవ్ పద్ధతిలో పొట్ట సంచిలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేసి, అరటిపండంత గొట్టాన్ని మిగులుస్తారని, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా ఊరేది ఆ తీసేసే భాగంలోనేనని, బీ12, ఐరన్, కాల్షియం జన్మాంతం వాడాలని ఎవరైనా అడిగితే ఇప్పటికీ గడగడా అప్పజెప్పగలను. తమరు నన్ను కూర్చోనిచ్చి ఉంటే ఇంత విద్య అబ్బేది కాదు.

ఈ ఆస్పత్రి మీద నాకు కక్ష ఏమీ లేదు. సర్జను గారి చేతులకు మొక్కుతాను, అభ్యంతరమల్లా తమ చేతులతోనే. మిగతావి చిన్న విషయాలు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి నర్సమ్మ ఉప్పు మీద నాకు చేసిన ఉపదేశం మరిచిపోయాను. వెనక ముడి అందని గౌను సంగతీ మరిచిపోయాను. బరువు చూసే అబ్బాయి నా కిలోలను వేలంపాటలా కారిడార్ చివరిదాకా వినిపించడం కూడా. డైట్ కాగితంలో బ్రోకలీ సూపు ఉండి పప్పుకట్టు లేకపోవడం మాత్రం కాస్త గుర్తుంది.

తమ విషయమే మరపు రావడం లేదు. ఈ హాలులోకి ఎవరు వస్తారండీ? కీళ్లవాతం వారు కింది అంతస్తుకు పోతారు, పిల్లలు పక్క బ్లాకుకు పోతారు. ఇక్కడికి వచ్చేది మేమే. బీమా నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన షరతు ప్రకారం ఈ ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును కొలిచే అంకె, 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బో, అదుపులోకి రాని షుగరో, నిద్రలో ఊపిరాగే జబ్బో తోడుండాలి. అంటే క్లెయిము పాసయ్యేవారు తమలో పట్టరు, తమలో పట్టేవారికి క్లెయిము పాసు కాదు. లోపల ఆపరేషన్ టేబుల్‌ను మా బరువుకు తగ్గట్టు చూసి కొన్నారు కదా, గుమ్మం బయటికి వచ్చేసరికి ఆ లెక్క ఏమైంది?

నిన్న నేను తమలో హాయిగా పట్టాను. అందుకే పక్కన నిలబడ్డ ఆయనను చూశాను. మోకాళ్లు రెండూ అరిగిపోయి, బరువు తగ్గితే కాస్త నడవగలనేమోనన్న ఆశతో వచ్చిన మనిషి. భార్య ఫైలు పట్టుకుని కూర్చుంది, ఆయన గోడకు ఆనుకుని పోస్టరు చదువుతున్నారు. "కూర్చోండి సార్, ఖాళీ ఉంది కదా" అని సెక్యూరిటీ అతను వచ్చినప్పుడల్లా మర్యాద చేస్తున్నాడు. "పర్వాలేదు బాబూ, నిలబడటమే బాగుంది" అంటున్నారాయన. ఆ అబద్ధం నాదే. మందుల షాపు ముందున్న చెక్క బెంచీ తెప్పించమని నేను అడిగితే, అది ఫార్మసీ వాళ్లదట, కదపకూడదట.

చివరికి ఆయన ఓర్చుకోలేక కిందికి దిగి, రోడ్డు మీది టీ బండి దగ్గర బల్ల మీద కూలబడ్డారు. సరిగ్గా అప్పుడే డాక్టరు గారు వచ్చారు, టోకెన్లు గబగబా పిలిచారు. ఆయన నంబరు వచ్చింది. "కిందే ఉన్నారమ్మా, వస్తారు" అని భార్య బతిమాలింది. "పేషెంటు ఇక్కడే ఉండాలి మేడమ్" అని కౌంటర్ అమ్మాయి తరువాతి నంబరు పిలిచేసింది. ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి సోమవారం రమ్మన్నారు.

సోమవారం మాత్రం ఎక్కడ కూర్చుంటాడు? చెప్పు. ఇక మర్యాద నా వల్ల కాదు. చేతులు నీకెందుకు? ఎవరిని పట్టుకోవడానికి? కొన్నవాడు ఒక్క రోజైనా ఈ హాలులో నిలబడి మా నడుముల వంక చూశాడా? చేతుల్లేని బెంచీ నీకన్నా తక్కువకే వస్తుంది. రెండు వేయించడానికి ఏ యంత్రం కావాలి, ఏ నిపుణుడు రావాలి?

వచ్చే నెల బీ12 పరీక్షకు వస్తాను. వన్‌టౌన్‌లో ఇనుము కోసే రంపం దొరుకుతుంది, కొనేసే వస్తాను. మధ్య సీటు చేతులతో మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక పాత పేషెంటు